చెరువుని బట్టి మోటారు

వేలెడంత గొట్టం.
ఏడాదిన్నరగా నా చొక్కా జేబులో
టెస్టరూ అదీ అన్నదమ్ముల్లా ఉన్నాయి.
నిన్న పొద్దున్న పీలిస్తే
మాడిన దూది రుచి.

ఆ రుచి నాకు కొత్త కాదు.
ఆకివీడు నుంచి కాళ్ళకూరు దాకా
రొయ్యల చెరువుల మీద కాలిపోయిన
ఏ ఏరియేటరు మోటారైనా
నా బల్ల మీద విప్పితే ఇదే వాసన.
వార్నీషు, రాగి, ఎవరిదో అప్పు.

కాయిలు పోయిందిరా, అన్నాను
జాన్‌వెస్లీ కొట్లో, ఎవరూ లేకుండా చూసి.
సెల్లు కవర్ల దండల వెనక
అమ్మకూడని సరుకు సొరుగు ఒకటుంది వాడికి.
దాని తాళంచెవి చెప్పులో దాచుకుంటాడు.

"దాంట్లో కాయిలు మారదు బాబాయ్, పారెయ్యడమే.
ఇంకో మెట్టు ఎక్కాలి నువ్వు."

మెట్టంట.

పాత పేపరు పరిచి మూడు పెట్టాడు.
ఒకటి అరిగిన సబ్బుబిళ్ళ.
ఒకటి ఇటుక: రెండు బ్యాటరీలు, ఎనభై వాట్లు,
బొమ్మలు తిరిగే తెర.
"దీని పొగకి ఎదర మనిషి కనపడడు,
ఉండి వంతెన మీద పుష్యమాసం మంచే అనుకో."
మూడోది బొటనవేలి కన్నా కాస్త లావు.
ఒకటే మీట, గాజు గొట్టం, అడుగున మరచుట్టు.
కాయిలు కాలితే తిప్పి తీసి, వేరేది బిగించుకోడమే.

ఇటుకే చేతిలోకి తీసుకున్నాను, అబద్ధమెందుకు.
బరువున్నదేదైనా నిజమనిపిస్తుంది
ముప్పయ్యేళ్ళు రాగి తీగ చుట్టిన చేతులకి.
ఎన్ని ఓములురా ఇది?
వాడు తెల్లమొహం వేసి, డబ్బా తిరగేసి చదివాడు.
సున్నా పాయింటు రెండు.
అంటే దాహం ఎక్కువన్నమాట.

మొన్న సీసలిలో దండు సత్తిరాజుగారు
అరెకరం చెరువులోకి నాలుగు ఏరియేటర్లు దింపారు.
అడుగు బురదంతా పైకి లేచి
తెల్లారేసరికి రొయ్యలు గట్టుకి కొట్టుకొచ్చినయ్.
నేనే అన్నాను ఆయనతో, కాస్త నిష్టూరంగానే:
చెరువుని బట్టి మోటారండీ ఆయ్,
మోటారుని బట్టి చెరువు కాదు.

నా చెరువెంత?
రోజుకి రెండు పెట్టెలు సిగరెట్లు
మానడానికి కొన్నాను ఆ గొట్టం.
మానాను.
గొట్టాన్ని మానలేదు.

తుని అవతల నుంచి వలసొచ్చిన మా మేనత్త అప్పలనరసమ్మ
నిప్పు నోటి లోపలికి పెట్టి అడ్డపొగ కాల్చేది,
షెడ్డులో రొయ్యల తలలు తీస్తా,
రెండు చేతులూ ఖాళీ లేక.
ఆవిడకెవరూ మూడు పరిచి చూపించలేదు.
ఒకటే చుట్ట.
అంగిట్లో పుండు లేచాక భీమవరం డాక్టరు
టార్చి వేసి చూసి
ఏమీ అనకుండా కిటికీ తలుపు తీశాడు.

పొద్దున్న సుగుణ అడిగింది, బియ్యం చెరుగుతా, తలెత్తకుండా:
"కొత్తది కొంటావు సరే,
తగ్గడానికా, పెరగడానికా?"
కొట్లో కనుక్కుని చెప్తానన్నాను.
నవ్వలేదు.

ఇటుక వెనక్కి పెట్టాను. మూడోది ఇయ్యి.
రసం ఆరో నంబరు.
"నువ్వు వాడేది పన్నెండు కదా బాబాయ్?
మెట్టు ఎక్కుతా నంబరు దిగుతావేంటి?"
దిగడానికి మాత్రం మెట్లక్కర్లేదేంట్రా.
చిల్లర లేదని చాక్లెట్టు చేతిలో పెట్టాడు.

రాత్రి రెండున్నరకి కాళ్ళ నుంచి ఫోను.
కరెంటు పోయింది, జనరేటరు అందుకోటం లేదు,
నీళ్ళ మీదకి మూతులు పెడుతున్నాయి రొయ్యలు.
గట్టు మీద బెల్టు బిగించి
ఒక్క దమ్ము లాగాను.
చప్పగా ఉంది. మళ్ళీ లాగాను.
అదీ చప్పగానే ఉంది.

కాపలా కుర్రాడు ప్రసన్నబాబు, పదిహేడు దాటవు,
టార్చి నా చేతి మీదకే తిప్పాడు.
"ఓసారి ఇయ్యండి మాస్టారూ.
దాంట్లో నిప్పుండదంట కదా?"

లేదురా, నిప్పు లేదు, అని
తీగ చుట్టల కింద, పెట్టె అడుగుకి తోసి
మూత వేశాను.
జనరేటరు అందుకుంది. రెక్కలు నీళ్ళని కొట్టడం మొదలెట్టినయ్.
అరచేతిలో ఇంకా
వెచ్చగానే ఉంది.